ఎండలో గీత తప్పే రోబో

పుదుచ్చేరిలోని లాస్‌పేటలో డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం సైన్స్ సెంటర్, ప్లానెటోరియం ఉన్నాయి. సూర్యుడూ ఒక నక్షత్రమేనని అలాంటి చోట విన్న పిల్లలకు, ఆ నక్షత్రం చేసే అల్లరిని ఒక బొమ్మ రోబో ఇంట్లోనే చూపిస్తుంది.

నల్ల గీత వెంట నడిచే బండినే తీసుకోండి. రెండు మోటార్లు, గీతకు చెరోవైపు ఒక సెన్సర్. సెన్సర్ కిందికి పరారుణ కాంతిని పంపుతుంది. తెల్ల చార్టు దాన్ని తిప్పికొడుతుంది, నల్ల గీత పీల్చుకుంటుంది. కుడి సెన్సర్ నలుపు మీదికి వస్తే కుడి మోటారు ఆగాలి. బండి కుడికి తిరుగుతుంది. ఎడమకూ అంతే. ప్రోగ్రాంలో అసలు సంగతి ఇదే.

రాత్రి ట్యూబ్‌లైటు కింద బుద్ధిగా నడిచిన బండి పొద్దున వరండాలో గీత దాటిపోవచ్చు. పిల్లలు ముందు ప్రోగ్రాంనే అనుమానిస్తారు, వైర్లు పీకి మళ్లీ పెడతారు. తప్పు ఎండది. ఎండలోనూ పరారుణ కిరణాలుంటాయి కనుక సెన్సర్‌కు నలుపు కూడా తెలుపులా తోస్తుంది.

ఇక్కడ పెద్దలు చేయి పెట్టకుండా ఉండటమే కష్టం. బండిని నీడలోకీ ఎండలోకీ మార్చి చూస్తే కారణం పిల్లలకే దొరుకుతుంది. 1960లలో పిల్లల కోసం లోగో కంప్యూటర్ భాషను రూపొందించిన వారిలో ఒకరైన సీమోర్ పేపర్ట్, తప్పు వెతికి దిద్దుకోవడాన్ని చదువులో భాగంగానే చూశారు.

మందు చవకే: సెన్సర్ చుట్టూ ఎండ పడకుండా చిన్న అట్టముక్క.