ఉద్దానం డాక్టరుకు మరో చదువు

కొబ్బరి, జీడితోటల ఉద్దానం ప్రాంతాన్ని కిడ్నీ జబ్బు రెండు దశాబ్దాలకు పైగా పీడిస్తోంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. అసలు కారణం ఇంకా తేలలేదు. సర్వేల్లో పెద్దవాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్న ఆనవాళ్లు కనిపించాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మరి ఈ వైద్యంతో రోగుల బతుకు ఎంత మెరుగుపడుతోంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతికేదే వైద్య ఫలితాల పరిశోధన. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతుందో చూసి ఊరుకోదు. రోగి ఎన్నేళ్లు బతికాడు, మళ్లీ తోట పనికి వెళ్లగలిగాడా, ఆసుపత్రి చుట్టూ తిరగడానికి ఇల్లు ఎంత అప్పుల పాలైందో కూడా లెక్కగడుతుంది.

ఆ లెక్కలో పొరబడటం చాలా తేలిక. ఒకరికి 45వ ఏట వైద్యశిబిరంలో జబ్బు బయటపడి, 55వ ఏట చనిపోయారనుకుందాం. ఇంకొకరికి కాళ్లు వాచాక 52వ ఏట తెలిసింది. ఆయనా 55కే పోయారు. కాగితం మీద మొదటివారు పదేళ్లు బతికారు, రెండోవారు మూడేళ్లే. శిబిరం ఏడేళ్ల ఆయుష్షు పోసినట్టు కనిపిస్తుంది. నిజానికి పెరిగింది ఆయుష్షు కాదు, జబ్బు ఉందని తెలిసి గడిపిన కాలం.

డయాలసిస్ రిజిస్టరూ ఇలాగే మోసం చేస్తుంది. వారం వారం వస్తున్నవాళ్లనే లెక్కిస్తే ఫలితాలు బాగుంటాయి. బస్సు ఖర్చులు భరించలేక మానేసినవాళ్లు, ఇంట్లోనే కన్నుమూసినవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్లను వెతికి పట్టుకుంటేనే వైద్యం ఎక్కడ అందలేదో తెలుస్తుంది.

ఎంబీబీఎస్‌లో ఈ పరిశోధన విద్యకు దక్కే చోటు తక్కువ. దీన్ని లోతుగా నేర్పే పీజీ కోర్సులు చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో, తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రంలో ఉన్నాయి. పలాస, టెక్కలి, సోంపేట ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లను ప్రభుత్వం జీతంతో సహా అక్కడికి పంపాలి. తిరిగొచ్చాక వారంలో ఒక రోజు ఓపీ నుంచి మినహాయించి, ఈ పరిశోధనకే కేటాయించాలి.

ఎండీ విద్యార్థులు ఎలాగూ థీసిస్ రాయాలి. ఎవరికి వారు కొత్తగా వంద మందిని ఎంచుకుని, డిగ్రీ రాగానే వదిలేస్తే ఉద్దానానికి ఒరిగేది తక్కువ. అందరికీ ఒకే రోగుల జాబితా ఉండాలి. ఒకరు ఆపినచోట మరొకరు అందుకోవాలి. ఆశా కార్యకర్తల సాయంతో ఏటా ఇంటికి వెళ్లి ప్రతి రోగి బాగోగులూ నమోదు చేయాలి. పదేళ్లు అలా చేస్తే, ఏ వైద్యం పనిచేస్తోందో ఉద్దానం తన సొంత లెక్కలతోనే చెప్పగలుగుతుంది.