పేర్లకు సంధి విడదీసే పనిముట్టు

తెలుగులో పెద్ద బడి, చిన్న బడి అక్షరాలు లేవు. అందువల్ల ఇక్కడ చెప్పబోయేదాంట్లో సగమే రాసి చూపించగలను. 'మండల్_నేమ్' అని రాయగలను. ఆ గీత తీసేసి, రెండు మాటలనూ కలిపి, 'నేమ్'లోని ఎన్ అక్షరాన్ని పెద్ద బడిలో రాసే పద్ధతి ఇంకొకటుంది. దాన్ని మీరు ఊహించుకోవాల్సిందే. మొదటిది నేలబారుగా పాకుతుంది కనక స్నేక్ కేస్. రెండోదానికి నడుమ మూపురం లేస్తుంది కనక క్యామెల్ కేస్. మొదటి మాటకు కూడా పెద్దక్షరం పెడితే పాస్కల్ కేస్.

కంప్యూటర్లు ఒకదానికొకటి సమాచారం పంపుకునేటప్పుడు ప్రతి విలువకూ ఒక పేరు తగిలిస్తాయి. దాన్నే 'కీ' అంటారు. ఈ పేరులో ఖాళీ ఉంటే చాలా ప్రోగ్రామింగ్ భాషలకు గిట్టదు. ఖాళీ లేకుండా రెండు మాటలు ఎలా కలపాలన్నదే అసలు తగువు.

తగువు పాతదే. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో పేరుకు ఆరక్షరాలే గరిష్ఠం, ఇక మాటలు కలిపే యోగమెక్కడ? 1960లో వచ్చిన కోబాల్ హైఫన్ పెట్టుకోనిచ్చింది. ఆ తర్వాతి భాషలు చాలావాటిలో హైఫన్ అంటే తీసివేత. 'మండల్-నేమ్' అని రాస్తే మండల్‌లోంచి నేమ్‌ను తీసేయమని అర్థం! అండర్‌స్కోర్ అనే మన గీత సంగతి ఇంకా తమాషా. 1963లో ఆస్కీ అక్షరాల పట్టిక ఖరారైనప్పుడు ఇప్పుడు అండర్‌స్కోర్ ఉన్న చోట ఎడమవైపు చూసే బాణం గుర్తుండేది. 1967 సవరణలో బాణం పోయి గీత వచ్చింది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో స్మాల్‌టాక్ భాష తయారుచేసినవాళ్లు మాత్రం పాత బాణాన్నే అట్టిపెట్టుకుని, విలువ అప్పగించడానికి వాడుకున్నారు. మాటలు కలపడానికి గీత దొరకని చోట పెద్దక్షరం దిక్కయింది. క్యామెల్ కేస్ వ్యాపించడానికి ఇదొక కారణమని చెబుతారు. 1995లో వచ్చిన జావా, జావాస్క్రిప్ట్ రెండూ ఒంటెనే ఎక్కాయి. పైథాన్ వాళ్లు 2001లో రాసుకున్న నియమావళిలో పామును పట్టుకున్నారు. పైథాన్ అంటేనే కొండచిలువ, ఇంకేం పట్టుకుంటారు!

డేటాబేసులకు పాము నచ్చడానికి గట్టి కారణమే ఉంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో కొటేషన్ గుర్తులు లేకుండా పేరు రాస్తే అక్షరాలన్నిటినీ చిన్న బడిలోకి దించేస్తుంది. మూపురం అణిగిపోయి మాటల అతుకు మాయమవుతుంది. గీత మాత్రం నిలుస్తుంది. కాబట్టి లోపల డేటాబేసులో పాము, బయట ఫోను తెర మీద జావాస్క్రిప్ట్‌లో ఒంటె. మధ్యలో దుబాసీ కావాలి.

ఆ దుబాసీని ఇంట్లోనే పెట్టుకున్న పరికరాల్లో పేరుపొందింది 2004లో వచ్చిన రూబీ ఆన్ రైల్స్. అందులో క్యామెలైజ్, అండర్‌స్కోర్ అని రెండు ఆదేశాలు. పేర్లు కలిపేది ఒకటి, విడదీసేది మరొకటి. లోపల పనిచేసేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల వరసలో ఒక పోలికను వెతికే సూత్రం. గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1950లలో సిద్ధాంతం చెబితే, కెన్ థాంప్సన్ 1968లో దాన్ని కంప్యూటర్ మీద నడిపే పద్ధతి ప్రచురించాడు.

ఇప్పుడు మన ఊళ్లకొద్దాం. మండలాలవారీ వర్షపాతం పట్టికను ఒకసారి నేనే సరిచేయబోయాను. ఒక్కో మండలానికి ఒక్కో నిలువు వరస కనక మండలాల పేర్లే కీలు. నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: చిన్నక్షరం వెంటనే పెద్దక్షరం వస్తే నడుమ గీత పెట్టు, తర్వాత అన్నిటినీ చిన్నక్షరాలు చెయ్యి. రెండు మాటల పేర్లు బ్రహ్మాండంగా విడిపోయాయి. పక్కన కూచున్న మా చిన్నాన్న తెరమీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి, "రామదాలవలసా? ఇదెక్కడి ఊరురా బాబూ, నానెప్పుడూ ఇన్లేదు" అన్నాడు.

వినడు మరి, లేని ఊరది. రేగిడి ఆమదాలవలసను ఆర్.ఆమదాలవలస అని రాస్తారు. నాకొచ్చిన ఫైల్లో చుక్క పోయి పాస్కల్ కేస్ పేరు మిగిలింది: ఆర్, ఏ, రెండు పెద్దక్షరాలు పక్కపక్కనే. నా సూత్రం చిన్నక్షరం కోసం చూసింది, దొరకలేదు. రెండింటినీ అతికేసి రామదాలవలస చేసింది. పోనీ ఆ ఆర్ అడ్డమని కొట్టేస్తే? 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రేగిడి ఆమదాలవలస విజయనగరంలో కలిసింది, ఆమదాలవలస అనే వేరే మండలం శ్రీకాకుళంలోనే ఉంది. ఒక జిల్లా వాన ఇంకో జిల్లాలో కురిసేది.

రైల్స్‌లో దీనికి ఇంకో సూత్రం ఉంది: పెద్దక్షరాల గుంపు తర్వాత చిన్నక్షరం వస్తే, గుంపులో చివరిదాన్ని కొత్త మాటకు మొదలుగా తీసుకో. దాంతో ఆర్ విడిగా, ఆమదాలవలస విడిగా వస్తాయి. బాగుంది. మరి లక్ష్మీనర్సుపేట మాటేమిటి? ఎల్.ఎన్.పేట. పాముగా ఎల్_ఎన్_పేట. పాస్కల్‌కు మారిస్తే మూడు పెద్దక్షరాలు వరసగా పడతాయి. తిరిగి విడదీయమంటే పేట ఒక్కటే ఊడి వస్తుంది, ఎల్, ఎన్ అతుక్కునే ఉంటాయి. వెళ్లిన దారిన వెనక్కి రాలేదన్నమాట. ఈ రెండు ఆదేశాలూ అన్నిసార్లూ ఒకదాన్నొకటి రద్దు చేయవని రైల్స్ వివరణపత్రంలోనే రాసి ఉంది. అది చదవకుండా మొదలుపెట్టడం నా తప్పు.

బళ్లో సంధులు విడదీసినవాళ్లకు ఇది కొత్త కాదు. వాడు, ఎక్కడ కలిస్తే వాడెక్కడ. కలపడానికి సూత్రం చాలు. విడదీయడానికి వాడు, ఎక్కడ అనే మాటలు ముందే తెలిసుండాలి, ఎందుకంటే మధ్యలోని ఉకారం ఎగిరిపోయింది. పనిముట్టుకు సూత్రం తెలుసు, మాటలు తెలియవు. లక్ష్మి ఎవరో, నర్సు ఎవరో దానికేం పట్టింది?

గుర్తును చూసి మాట తెగిందనుకునే తీరు తలచుకుంటే, శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి గుర్తొస్తారు. సవర భాష మీద 1931లో ఆయన ఇంగ్లీషులో వెలువరించిన పుస్తకం పేరులో 'సోర' అన్న మాటకు దీర్ఘం చూపించడానికి లోపలే కోలన్ వాడారు. ఇప్పటి పనిముట్టుకు ఆ పేరిస్తే కోలన్ దగ్గర మాట తెగిందనుకుని సో_ర అని రెండు ముక్కలు చేసే అవకాశమే ఎక్కువ. ఆయనకది దీర్ఘం, దీనికి విరామం.

ఈ పని చేసేవాళ్లకు నా మాట ఒకటే. పేర్లు మార్చే ముందు పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన రాసిన పట్టిక దాచుకోండి. మార్పిడి గుమ్మం దగ్గర ఒక్కసారే జరగనివ్వండి. ఊళ్లు, జిల్లాలు కీలైతే పేరుకు బదులు సంఖ్య వాడండి. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం 542, విజయనగరం 543. అంకెలకు పెద్ద బడీ లేదు, చిన్న బడీ లేదు.

కోడును కదపకుండా వదిలేయడంలో రైల్వేవాళ్లది అందెవేసిన చెయ్యి. ఇంగ్లీషువాళ్ల చికాకోల్ పోయి శ్రీకాకుళం వచ్చినా, ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్ కోడు ఇవాళ్టికీ సి హెచ్ ఈ.