నన్నారి వాసన ఒకటి, యాంటీ ఆక్సిడెంట్ ఇంకొకటి!

ఎండాకాలం వస్తే మన గిద్దలూరు వైపు నన్నారి తాగని వాళ్లు ఉంటారా? నిమ్మకాయ పిండి, నన్నారి పోసి, సోడా కొట్టి ఇస్తే ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడు దీనికి ఇంకో మాట తోడైంది: "నన్నారిలో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి, రోజూ తాగండి" అని. ఇందులో నిజమెంతో చూద్దాం.

ముందు మొక్క సంగతి. నన్నారి పేరుతో రెండు మొక్కల వేర్లు వాడతారు. ఒకటి సుగంధిపాల, వేర్లు సన్నగా ఉంటాయి. రెండోది మారెడు గడ్డ, వేర్లు లావుగా కండపట్టి ఉంటాయి. దీని సైన్స్ పేరు డెకాలెపిస్ హామిల్టోనై. నల్లమల, శేషాచలం కొండల్లో రాళ్ల మధ్య పాకే తీగ ఇది. శివుడి పూజకు వాడే మారేడుతో దీనికి సంబంధం లేదు. ఈ రెండు తీగలూ జిల్లేడు కుటుంబమే, తుంచితే పాలు కారతాయి.

ఇప్పుడు నూనె. మారెడు వేర్లను నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని చల్లారిస్తే సువాసన నూనె దిగుతుంది. 100 కిలోల వేర్లకి కిలో నూనె కూడా రాదు. అందులో అన్నిటికంటే ఎక్కువ ఉండేది 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్. పేరు చూసి భయపడకండి. ఐస్‌క్రీమ్‌లో వేసే వెనిలిన్‌కి ఇది తోబుట్టువు లాంటిది. రెండింట్లోనూ 8 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 3 ఆక్సిజన్లే. అమరిక మారింది, వాసన మారింది. "కల", "లక" రెండింట్లో అక్షరాలు అవే కదా, అలాగన్నమాట.

మరి యాంటీ ఆక్సిడెంట్? ల్యాబ్‌లో డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణం వాడతారు. దానికి హైడ్రోజన్ ఇచ్చే పదార్థం కలిపితే రంగు పసుపుకి తిరుగుతుంది. రంగు ఎంత తగ్గితే శక్తి అంత ఉన్నట్టు. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2006లో ఈ వేర్లలోంచి కొన్ని యాంటీ ఆక్సిడెంట్లను విడదీశారు. కానీ వాళ్లు వాటిని తీసింది సువాసన నూనెలోంచి కాదు, నీళ్లతో తీసిన సారంలోంచి. అంటే వాసన గట్టిగా కొట్టినంత మాత్రాన యాంటీ ఆక్సిడెంట్ ఎక్కువని కాదు. ఇంకో మాట, గాజు గొట్టంలో రంగు మారడం వేరు, మన ఒంట్లో రోగం తగ్గడం వేరు. మొదటిది రెండోదానికి రుజువు కాదు.

ఇక మీరు చేయాల్సింది చిన్న పని. సీసా వెనక్కి తిప్పి లేబుల్ చదవండి. ఏది ఎక్కువుంటే దాని పేరే ముందు రాయాలని రూల్. మామూలుగా మొదట కనిపించేది చక్కెరే! షుగర్ ఉన్న అమ్మమ్మకి "మందు" అని రోజూ రెండు గ్లాసులు ఇచ్చారనుకోండి, మేలు కంటే కీడే ఎక్కువ. ఫ్లేవర్ కలిపారా అన్నది కూడా అక్కడే ఉంటుంది.

చివరిగా అసలు సంగతి. ఆకు కోస్తే మళ్లీ చిగురిస్తుంది, వేరంతా తవ్వేస్తే తీగే పోతుంది. ఈ మారెడు తీగ ఇప్పటికే ఐయూసీఎన్ అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. అడవిలో గడ్డలు తవ్వి బతికే చెంచులకి కూడా అది మిగలాలంటే, కొంత వేరు వదిలి తవ్వాలి, పొలాల్లో పెంచాలి.

నన్నారి తాగండి, దాహానికి, రుచికి తాగండి. మందనుకుని మాత్రం తాగకండి.