చెక్క వెనుక గాలి ఆడితేనే మన్నిక
ఇంటి ముఖభాగానికి కలప పలకలు బిగించేవారికి జాగ్రత్తలు

నందిగామ, జగ్గయ్యపేట: కట్టడానికి పైతొడుగు వేయడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వకాలు జరిపిన జగ్గయ్యపేట ధనంబోడు స్తూపానికి లోపల మట్టి, ఇటుక. బయట సున్నపురాతి పలకలు. అయితే రాయికి సరిపడే పద్ధతి కలపకు సరిపడదు. కలప వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. అందువల్ల దానిని రాతి పలకలా సిమెంటుతో గోడకు అంటించరాదు.

గోడ ఆరేదాకా ఆగాలి

కొత్త ప్లాస్టరింగును రోజుల తరబడి నీటితో తడుపుతారు. ఆ చెమ్మ పూర్తిగా ఆరకముందే పలకలు బిగిస్తే తేమ వెనుక చిక్కుకుని బూజు పడుతుంది, చెక్క కుళ్లుతుంది. గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడిందని తొందరపడితే మొదటికే మోసం.

చేవ చూసి కొనాలి

టేకు నడిమి చేవ భాగం చెదను, తడిని బాగా తట్టుకుంటుంది. అంచున ఉండే తెల్ల చెక్కకు ఆ శక్తి లేదు. కొన్న పలకలను కొన్నాళ్లు నీడలో, గాలి తగిలేలా పేర్చి ఆరనివ్వాలి. బిగించకముందే నాలుగు వైపులా, ముఖ్యంగా కోసిన కొనలకు, రక్షణ నూనె పూయాలి.

రీపర్లే ఆయువుపట్టు

మొదట గోడకు నిలువుగా రీపర్లు బిగించి, వాటిపై పలకలను అడ్డంగా అమర్చాలి. రీపర్ల నడుమ ఎడం రెండడుగులకు మించకూడదు. గోడకు, పలకకు మధ్య అంగుళం మేర సందు ఉంటే లోపలికి చేరిన నీరు కిందికి జారిపోతుంది, గాలి పైకి సాగుతుంది. పడమటి గోడకు ఎండవేడిమి కూడా తగ్గుతుంది. సందు పైన, కింద మూసివేయరాదు. పురుగులు చొరబడకుండా సన్నని జాలీ అమర్చితే చాలు.

ఇనుప మేకులు వద్దు

పెడన కలంకారీలో కరక్కాయ నీటిలో ముంచిన బట్టపై ఇనుప ద్రావణం తగలగానే నలుపు తేలుతుంది. వానకు తడిసిన చెక్కలోని వగరు గుణానికి ఇనుప మేకు తోడైనా జరిగేది అదే. నల్లని చారలు దిగుతాయి. కనుక స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి.

చెద, నిప్పు ముప్పు

ఐఎస్ 6313 ప్రమాణం ప్రకారం పునాది దశలోనే చెద మందు వేయించుకోవాలి. పలకలను నేలకు అడుగు ఎత్తున మొదలుపెడితే గోడపై పాకే చెదపుట్ట కంటికి కనబడుతుంది. మంటలు అంటుకుంటే ఈ సందే పొగగొట్టంలా పనిచేస్తుంది. అందుచేత వంటగది గోడకు కలప తొడుగు మానుకోవడం మేలు. దీపావళి బాణసంచా సైతం దూరంగా కాల్చాలి.

వడ్రంగికి చివరి సొమ్ము చెల్లించేముందు యజమాని స్వయంగా బకెట్ నీళ్లు పలకలపై పోసి చూడాలి. అడుగు సందు నుంచి నీరు ధారాళంగా బయటకు వస్తే పని సక్రమంగా సాగినట్లు. ఎక్కడైనా నిలిచిపోతే ఆ పలకను అప్పుడే విప్పించాలి.