నమ్మదగిన వంటల పుస్తకము

వంట నేర్చుకొనుటకు పుస్తకమేల యని పెద్దలు నవ్వుదురు. తల్లి ప్రక్కను నిలిచి, అత్తగారి చేతిక్రింద మెలగి నేర్చిన విద్యకు గ్రంథముతో పనిలేదనుట కొంతవరకు నిజమే. కాని నేడు పెండ్లియైన బాలికలు పెక్కండ్రు పుట్టినింటికిని అత్తవారింటికిని గూడ దూరముగా, భర్తయో తామో యుద్యోగము చేయు పట్టణమున కాపురము పెట్టుచున్నారు. అట్టివారికి పొయ్యియొద్ద దిక్కు పుస్తకమే. అది తప్పు చెప్పినచో నష్టము ఒక పూట కూరతో పోదు.

మా బంధువులలో నొక కోడలుపిల్ల క్రొత్తకాపురమున 25 కాయల యావకాయ పెట్టినది. పుస్తకము నెదుట నుంచుకొని అక్షరము తప్పక చేసినది. అందు ఉప్పు ‘తగినంత’ యని యున్నది. కాయలను తడిలేకుండ తుడిచి యారబెట్టవలెనన్న మాటయే లేదు. నెల తిరుగకుండ జాడీలో బూజు పట్టినది. ఏడాదికి సరిపడు నూనె, ఆవపిండి, కారము మట్టిపాలైనవి. అంతకంటె విచారకర మేమనగా, ఆ పిల్ల తన చేయి మంచిది కాదని నమ్మి రెండేండ్లు ఊరగాయ జోలికి పోలేదు. తప్పు పుస్తకముది, నింద చేతికి వచ్చినది.

‘తగినంత’ యనుమాట తెలిసినవారికి చాలును. తెలియనివారి కక్కరకు రాదు. తెలిసినవారు పుస్తకము కొననే కొనరు గదా! చారులో నుప్పు చాలకున్న రుచి చూచి మరికొంత వేయవచ్చును. ఊరగాయలో నుప్పు రుచికొరకు మాత్రమే గాదు, నిలువకొరకు. కావున ముక్కల కొలత యింత, ఆవపిండి యింత, కారమింత, ఉప్పింత యని స్పష్టముగా నుండవలెను. ఆ యుప్పు గల్లుప్పా, మెత్తని యుప్పా యనియు చెప్పవలెను. ఒకే గిన్నెతో కొలిచినను గల్లుప్పు తూకమునకు తక్కువ వచ్చును, మెత్తని యుప్పు ఎక్కువ వచ్చును. మూడవనాడు తిరుగగలిపి, నూనె ముక్కలపైకి తేలినదో లేదో చూడుమని చెప్పిన పుస్తకము అనుభవజ్ఞురాలు వ్రాసినదని గ్రహింపవచ్చును.

కొలతల విషయమున పాత పుస్తకములతో మరియొక చిక్కు కలదు. 1956లో శాసనము వచ్చి, 1958 మొదలు గ్రాములు, కిలోలు వాడుకలోనికి వచ్చినవి. అంతకుముందటి పుస్తకములలో సేరు, వీశె, పలము, తులము కనబడును. చెన్నపురి తూకమున సేరనగా 24 తులములు, ఇప్పటి లెక్కకు 280 గ్రాములు. రైల్వే సేరు 80 తులములు, అనగా 933 గ్రాములు. ఏ సేరో తెలియక మైసూరుపాకు చేయబూనిన యిల్లాలి గతి యేమి? సోల, తవ్వ, మానికలు గూడ అన్ని సీమలందు నొక్కతీరుగా లేవు. అమ్మమ్మగారి నాటి పుస్తకము భద్రపరచుకొనదగినదే గాని, ఆ కొలతలను గ్రాములలోనికి మార్చి ప్రక్కన వ్రాసికొనక వాడరాదు.

మన కవులకు భోజనవర్ణన ప్రియమైన పని. శృంగారనైషధమున దమయంతి వివాహవిందు చదివితిమేని నోరూరును. కాని యొక్క వంటకమైనను చేయ శక్యము కాదు. భీముడు వలలుడై విరాటుని వంటయింట నున్న కాలమున కొలతలు వ్రాసిపెట్టియుండినచో మన కింత శ్రమ లేకపోయెడిది.

అంగడిలో పుస్తకము చేతబట్టినప్పుడు మిఠాయిల బొమ్మలు చూడవలదు. పప్పు వ్రాసిన పుట తెరువుడు. కందిపప్పు మెత్తగా నుడికిన పిదపనే చింతపండు పులుసు పోయవలెనని యున్నదా? పులుపు ముందుగా పడినచో పప్పు త్వరగా నుడుకదు. ఈ సంగతి చెప్పని రచయిత్రి పప్పు స్వయముగా వండినదో లేదో సందేహమే. పప్పు త్వరగా నుడుకుటకు సోడా వేయుమన్న పుస్తకమును మరల బల్లమీద పెట్టుడు. సోడావలన పప్పులోని బి1 విటమిను నశించును. బియ్యము పలుమార్లు కడిగినను, గంజి వార్చి పారబోసినను ఆ విటమినే పోవును. ఈ విషయముల నరయుటకు మనకు మంచి యాధారము కలదు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల 1937లోనే మన యాహారపదార్థముల పోషకవిలువలను పట్టికలుగా వెలువరించినది. ఆ సంస్థయే తరువాత హైదరాబాదునకు వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడుచున్నది. మధుమేహరోగియో, ఎదుగు బిడ్డయో యున్న యింట వంటల పుస్తకము ప్రక్కన ఆ సంస్థవారి ప్రచురణ యొకటి యుండుట మేలు.

నిమిషముల లెక్కకంటె గురుతులు చెప్పు పుస్తకము నాకు నచ్చును. పొయ్యిమంట యింటింటికి వేరు, కుక్కరు కూత గూడ వేరు. పచ్చివాసన పోవువరకు, నూనె విడుచువరకు, చారు నురుగుకట్టి పొంగువరకు అని చెప్పినచో ఏ పొయ్యిమీదనైనను చెల్లును. ఎందరికి సరిపోవునో గూడ చెప్పవలెను. ఇద్దరున్న కాపురమున పదిమంది సాంబారు కాచుట దుబారా గదా.

కొన్న పుస్తకమున మొదట మీకు బాగుగా వచ్చిన వంటకమునే చేసిచూడుడు. రాయలసీమ సోదరి రాగిసంకటి పుటను, తెలంగాణ సోదరి సకినాల పుటను, గోదావరి సోదరి పనసపొట్టు కూర పుటను పరీక్షింపవలెను. తెలిసినచోట సరిగా నున్న పుస్తకమును తెలియనిచోట కొంత నమ్మవచ్చును. అరవదేశమున ఎస్. మీనాక్షి అమ్మాళ్‌గారు 1951లో ప్రకటించిన ‘సమైత్తు పార్’ అను పుస్తకము తరతరముల కోడండ్రకు తోడైనది. ఆ పేరునకు ‘వండి చూడు’ అని యర్థము. వంటల పుస్తకమున కంతకంటె తగిన పేరు లేదు.

చివర నొక్కమాట బైండుగూర్చి. ధర కొంత యెక్కువైనను, కుట్టు గట్టిగా నుండి, తెరచిన పుట తెరచినట్లే నిలుచు పుస్తకమును కొనుడు. రెండు చేతులును సెనగపిండిలో నుండగా, కాగిన నూనె యెదుట నుండగా, పుట దానంతట మూసికొనిన దానిని తెరచుట యెవరి తరము?