నారాయణఖేడు ప్రాంతమున వివాహ లేఖ్యముల అన్వేషణ

గురజాడ అప్పారావుగారు 1897లో ప్రకటించిన 'కన్యాశుల్కము' ప్రథమ ముద్రణపు ఆంగ్ల పీఠికయందు ఒక వివాహముల పట్టికను ప్రస్తావించియున్నారు. విజయనగర ప్రభువు ఆనందగజపతి విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో సామాన్య బ్రాహ్మణ కుటుంబములయందు జరిగిన శుల్కవివాహములను లెక్క వ్రాయింపగా అవి 1034గా తేలినవి. వానిలో 99 మంది కన్యలు అయిదేండ్లవారు. ముగ్గురు ఏడాది పసికందులు. ఆ నాటకమును బోధించు మనము గిరీశమును, మధురవాణిని మఱవము గాని, దాని వెనుక ఇట్టి జాబితా యొకటి కలదని విద్యార్థులకు చెప్పుట తక్కువ. వివాహ లేఖ్యము న్యాయవాదులకు మాత్రమే పనికివచ్చునది కాదు. సాహిత్య పరిశోధకునకును అది ముడిసరకు.

కవుల జీవితములను, ఇంటిపేరులను, జానపద గాయకుల వంశములను పరిశీలించువారికి ఈ లేఖ్యముల అవసరము తఱచుగ కలుగును. పురుషుని ఇంటిపేరు పుట్టుక మొదలు కడవఱకు ఒక్కటియే. స్త్రీకి అట్లు కాదు. పెండ్లితో ఆమె ఇంటిపేరు మాఱును, ఊరు మాఱును. కొన్ని కుటుంబములలో పేరే మాఱును. ఆమె పూర్వనామమును, పరనామమును ఒక్క పుటపై చూపగల పత్రము వివాహ లేఖ్యమొక్కటియే. అది దొరకనిచో పాటలు కట్టిన స్త్రీ యొకతె పుట్టినింటి చరిత్రనుండియు, మెట్టినింటి చరిత్రనుండియు కూడ జాఱిపోవును. వితంతువు పింఛనుకును, వారసత్వపు భూమికిని చేయు దరఖాస్తులలో వచ్చు చిక్కును ఇదియే. కావున ఈ అన్వేషణమార్గమును నారాయణఖేడు ప్రాంతమును ఉదాహరణముగ గొని వివరింప బూనితిమి.

1. ఎల్లల మార్పు

అమెరికాలో పెక్కు రాష్ట్రములయందు వివాహానుమతి పత్రమును కౌంటీ కార్యాలయమే ఇచ్చును. లేఖ్యమును అచ్చటనే భద్రపఱచును. ఇంగ్లండున 1837 జూలై 1 నుండి ప్రభుత్వ నమోదు ఒక క్రమమున సాగుచున్నది. మన దేశమున అట్టి ఏకైక కార్యాలయము లేదు. ఇచ్చట లేఖ్యముండు చోటు మూడు విషయములపై ఆధారపడును: పెండ్లి జరిగిన సంవత్సరము, జరిగిన ఊరు, దానికి వర్తించిన చట్టము లేదా మతాచారము.

నారాయణఖేడు నేడు సంగారెడ్డి జిల్లాలోనిది. ఆ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకుముందు ఈ తాలూకా మెదకు జిల్లాలోను, 1956 నవంబరు 1కి పూర్వము హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలోను ఉండెను. రాష్ట్ర పునర్విభజనమున బీదరు జిల్లా మూడు రాష్ట్రములకు పంపకమైనది: బీదరు, భాల్కి మొదలగునవి మైసూరునకును, ఉద్గీరు, నిలంగ, అహమదుపూరు బొంబాయికిని, నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును చేరినవి. ఎల్లలు మాఱిననాడు పాత దప్తరములన్నియు వానితోపాటు కదలివచ్చుననుకొనరాదు. 1950 నాటి పెండ్లికై సంగారెడ్డిలో వెదకి లేదని తేల్చుట తొందరపాటు. బీదరులో అడుగక మునుపు ఆ మాట చెల్లదు.

2. ఏ చట్టము, ఏ కార్యాలయము

హిందూ వివాహ చట్టము 1955 మే 18న అమలులోనికి వచ్చినది. దాని 8వ సెక్షను నమోదునకు అవకాశము కల్పించినదే గాని నమోదు లేనంతమాత్రమున పెండ్లి చెల్లదనలేదు. ఈ చట్టము క్రింద నమోదైన వివాహములకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున వెదకవలెను. నారాయణఖేడునందు అట్టి కార్యాలయము కలదు. పెండ్లి వధువు ఇంట జరుగుట కొందరి ఆచారము, వరుని ఇంట జరుగుట కొందరి ఆచారము. కావున ఉభయుల ఊళ్ల కార్యాలయములను వేర్వేరుగ విచారింపవలెను.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము 1955 జనవరి 1 నుండి అమలైనది. ఆ చట్టము ప్రకారము జరిగిన పెండ్లిండ్లు వివాహాధికారి వద్దనుండు ధ్రువపత్రముల పుస్తకమున ఉండును. కులాంతర, మతాంతర వివాహములు చేసికొన్న రచయితలను గూర్చి పరిశోధించువారు దీనిని విస్మరింపరాదు.

ముస్లిముల నికా లేఖ్యములు ఖాజీవద్ద నుండును. ధ్రువపత్రమును రాష్ట్ర వక్ఫుబోర్డునుండి పొందవచ్చును. వీనిలో మహరు మొత్తము, సాక్షుల పేర్లు ఉండుటచే సామాజిక చరిత్రకు ఇవి మిక్కిలి విలువైనవి. క్రైస్తవుల పెండ్లిండ్లు చర్చి రిజిస్టరులలో ఎక్కును. మెథడిస్టు సంఘమో, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమో, కథోలిక సంఘమో మొదట తెలిసికొని ఆ సంఘపు గురువునే అడుగవలెను.

ఈ ప్రాంతమున తండాలు పెక్కు. 1976 నాటి సవరణ చట్టముతో తెలంగాణమున లంబాడీలు షెడ్యూల్డు తెగలలో చేరిరి. కేంద్రప్రభుత్వము వేరుగ ప్రకటించిననే తప్ప హిందూ వివాహ చట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. కావున పాత తరమువారి పెండ్లిని రిజిస్టరులో కాక, తండా పెద్దల స్మృతిలో, పెండ్లిపాటలలో వెదకవలసియుండును.

2002లో ఆంధ్రప్రదేశ శాసనసభ మతభేదము లేక వివాహములన్నిటి నమోదును నిర్బంధము చేసినది. 2006 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు దేశమంతటను అట్లే చేయవలెనని ఆదేశించినది. 2002కు తరువాతి పెండ్లిండ్లకై సబ్ రిజిస్ట్రారుతోపాటు గ్రామపంచాయతిలోను, పురపాలక కార్యాలయములోను కూడ అడుగుట మంచిది.

3. లేఖ్యమును చదువుట

నిజాము కాలపు ప్రభుత్వ పత్రములు ఉర్దూలో నుండును. వానిలో ఫసలీ సంవత్సరము వాడుక. హైదరాబాదు ఫసలీ వర్షము ఆజుర్ మాసముతో, అనగా అక్టోబరు మొదటి వారమున, ఆరంభమగును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు 590, తరువాతి నెలలకు 591 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. 1358 ఫసలీ ఆజుర్ అనగా 1948 అక్టోబరు. అదే సంవత్సరపు ఫర్వర్దీ 1949లో పడును. నికా పత్రములలో హిజ్రీ తేదీ కనబడును; అది చాంద్రమానము గనుక ఈ కూడిక దానికి పనికిరాదు.

ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చులను సామాన్యముగ వ్రాయరు. 'ల', 'ళ' భేదమును, 'న', 'ణ' భేదమును నిలువవు. ఎ, ఏ, ఇ, ఈ లలో ఏది యనునది చదువరి ఊహకు వదలబడును. కావున తెలుగు ఇంటిపేరు ఉర్దూలోనికి పోయి, అచ్చటనుండి మరల తెలుగులోనికో కన్నడములోనికో వచ్చునప్పటికి గుర్తింపరానిదగును. ఒక్క రూపముతో వెదకి ఊరకుండక, సాధ్యమైన రూపములన్నియు ముందుగ వ్రాసికొని పోవలెను.

4. దరఖాస్తు

హిందూ వివాహ రిజిస్టరును తగిన సమయములలో పరిశీలించుటకును, రుసుము చెల్లించి ధ్రువీకృత నకలు పొందుటకును ఆ 8వ సెక్షనే హక్కు నొసగుచున్నది. ప్రత్యేక వివాహ చట్టమునను ఇట్టి హక్కు కలదు. సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది. అయినను వ్యక్తిగత సమాచారమునకు అందు మినహాయింపు కలదు. కావున మొదట వివాహ చట్టమునే ఉదాహరించి అడుగుట యుక్తము.

దరఖాస్తునందు వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, తండ్రుల పేర్లు, పెండ్లి జరిగిన ఊరు, తేదీ, తెలిసినచో నమోదు సంఖ్య వ్రాయవలెను. తేదీ నిశ్చయముగ తెలియనిచో, “ఫలానా సంవత్సరము మొదలు ఫలానా సంవత్సరము వఱకు వెదకింప ప్రార్థన” అని హద్దు చూపవలెను. హద్దు లేని ప్రార్థన ఫలింపదు. నాటి జిల్లా, తాలూకాల పేర్లు తప్పక చేర్చవలెను. లేఖ్యము దొరకనిచో, ఏయే సంపుటములు, ఏయే సంవత్సరములు చూచిరో తెలుపుచు జవాబు వ్రాతపూర్వకముగ నిమ్మని కోరవలెను. వెదకి లేదనుటకును, వెదకక లేదనుటకును గల భేదము ఆ జవాబులోనే తెలియును.

5. దొరకనిచో

నమోదు లేని పెండ్లిండ్లే పూర్వము పెక్కు. అట్టిచో లగ్నపత్రిక, శుభలేఖ, పురోహితుని పుస్తకము, పిల్లల పాఠశాల ప్రవేశ పట్టిక, ఓటరుల జాబితా, ఆస్తిపత్రములు పరోక్ష సాక్ష్యములగును. చిరకాలము భార్యాభర్తలుగ కాపురము చేసినవారిని దంపతులుగనే భావించుట న్యాయస్థానముల సంప్రదాయము. పరిశోధకుడును దానినే పాటింపవలెను. “వివాహ లేఖ్యము లభింపలేదు” అని వ్రాయవచ్చును; “వివాహము జరుగలేదు” అని వ్రాయరాదు. ఈ రెండు వాక్యముల భేదమును గుర్తింపనిచో ఒక స్త్రీ శీలమునకు, ఆమె సంతానపు వారసత్వమునకు అపకారము చేసినవారమగుదుము.

దొరకిన లేఖ్యమునైనను జాగ్రత్తతో వాడవలెను. జీవించియున్నవారి వివరములను ప్రకటింపకుండుట, వంశీయుల అనుమతి గైకొనుట పరిశోధన మర్యాద. మన విద్యార్థులు ఉర్దూ లిపిని, కొంత కన్నడమును నేర్చి, ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రామమును గైకొని, ఏ లేఖ్యము ఏ చోట కలదో సూచిక యొకటి కూర్చినచో, ఈ మూడుభాషల సరిహద్దున మఱుగుపడిన పేరులు కొన్నియైనను తెలుగు సాహిత్య చరిత్రలోనికి తిరిగివచ్చునని మా విశ్వాసము.