పసుపు ఇంటి మీద థీసిస్

ఎం.ఆర్క్.లో నిర్మాణ చరిత్ర మీద థీసిస్ రాయబోయే విద్యార్థి చాలాసార్లు ముందు పేరు పెట్టేస్తాడు. ‘నిజామాబాద్ జిల్లా సంప్రదాయ గృహాలు’ అని రాసి గైడ్ ముందు పెడతాడు. అందులో అడిగిందేమీ లేదు కాబట్టి జిల్లా అంతా తిరిగినా జవాబు దొరకదు.

ఆ జిల్లాలోని ఆర్మూర్‌నే తీసుకోండి. చరిత్ర అనగానే అందరి చూపూ నవనాథ సిద్ధులగుట్ట మీదికే పోతుంది. పక్కనున్న పెర్కిట్, అంకాపూర్‌లలోని రైతు ఇళ్లను ఎవరు పట్టించుకుంటారు? 1964లోనే బెర్నార్డ్ రుడోఫ్‌స్కీ న్యూయార్క్‌లో ‘ఆర్కిటెక్చర్ వితౌట్ ఆర్కిటెక్ట్స్’ ప్రదర్శన పెట్టి, కట్టినవాళ్ల పేరు తెలియని ఇళ్లకూ చరిత్రలో చోటుందని చూపాడు.

ఇక్కడ ప్రశ్న పసుపు పంటలోనే ఉంది. తవ్విన పసుపులో కొమ్ములు, గోళాలు వేరు చేసి, కడాయిలో ఉడకబెడతారు. కల్లంలో ఎండబోసి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పడతారు. ఐదు క్వింటాళ్ల పచ్చి పసుపు ఎండితే క్వింటాలు, కొంచెం అటూఇటూ. ధర రాకపోతే ఆ బస్తాలు నెలల తరబడి ఇంట్లోనే. మరి ఏ అర్రలో? తేమ తగలకుండా నేల ఎత్తు చేశారా? బస్తాలు దించడానికి దర్వాజ వెడల్పు చేశారా? ‘1948 తర్వాత పసుపు నిల్వ ఆర్మూర్ చుట్టుపక్కల ఇళ్ల కట్టుబడిని మార్చిందా?’ అని అడగండి. ‘మార్చలేదు’ అనే జవాబుకూ ఇందులో చోటుంది. ఆ చోటు లేనిదాన్ని నేను పరిశోధన అనను.

తర్వాత సాక్ష్యం. పహాణీలో పొలం వివరాలుంటాయి. ఊళ్లో ఇళ్లున్న జాగా గ్రామకంఠం కింద ఒకే ముద్దగా పోతుంది, ఒక్కో ఇంటి కథ అందులో దొరకదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు కాగితాలున్నాయి గానీ ఎక్కువగా ఫారసీ, ఉర్దూలలో. చదివిపెట్టేవాళ్లను ముందే మాట్లాడుకోవాలి. అన్నిటికన్నా గట్టి సాక్షి ఇల్లే. డంగు సున్నం గోడ ఎక్కడ ఆగి సిమెంటు ఎక్కడ మొదలైందో చూడండి. దూలానికి ఏ కొయ్యా దిగని పాత రంధ్రం కనిపిస్తే, ఆ దూలం ఇంకో ఇంటి నుంచి వచ్చి ఉండొచ్చు, లేదా అక్కడ ఒకప్పుడు అటక ఉండి ఉండొచ్చు. ఏదో తేలేదాకా ఆ ఇంటికి తేదీ వేయకూడదు.

నలభై ఇళ్ల ఫొటోల కన్నా ఆరు ఇళ్ల పూర్తి కొలతలు మేలు. పసుపు పనులు సాగేది జనవరి నుంచి మార్చి దాకా. అందుకే డిసెంబరుకల్లా థీసిస్ ప్లాన్ ఆమోదం పొంది, ఒక ఇంటిని కొలిచి చూసుకుని ఉండాలి. ఆ సీజన్ దాటితే కల్లం ఖాళీ, అర్ర ఖాళీ.

ఆ ఇళ్లలో మాట్లాడితే మగవాళ్లు ధర చెబుతారు. ఏ మూల చెమ్మ పడుతుందో, ఏ గోడ ఎప్పుడు తీసేశారో ఇంటి ఆడవాళ్లను అడగాలి. వాళ్లు పడుకునే గదుల్లో టేపు పెట్టి కొలుస్తాం కనుక, పూర్తయిన నక్షా ఒకటి ఆ ఇంటికి ఇవ్వడానికయ్యే డబ్బు ఖర్చుల పట్టికలో ముందే రాసుకోవాలి.